సితారు సీమకు బోయిన కథ

గతమాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి చాల దినములు మా మనస్సునుండి తొలగకున్నది. వ్రాసినవారు గుంటూరు ప్రాంతమున నొక పల్లెకు గోడలుగా వచ్చిన గృహిణి. పేరు వెల్లడింపవలదని కోరినందున మేమును వెల్లడింపము. వారి కుమార్తెకు పందొమ్మిదేండ్లు. చిన్ననాట నైదేండ్లు వీణ నేర్చి, పిదప హైదరాబాదునకు జదువునకై పోయి, అచ్చట మూడేండ్లు సితారు నభ్యసించినదట. గిటారు, కీబోర్డు, డ్రమ్ములు వాయించు సహాధ్యాయులు కొందరు తమతో గలిసి వాయింపుమని యామెను బిలిచిరట. పిల్లకు మనసైనది. ఇంటిలో దుమారము లేచినది. “సరస్వతీదేవి చేతి వీణవంటి దానిని గంతులు వేయువారి నడుమ బెట్టుదురా?” అని యత్తగారు. “చదువు చెడును, వలదు” అని యింటి యజమానుడు. పిల్ల మారుమాట యాడక సితారునకు గుడ్డ కప్పి మూలనుంచి, రెండు మాసములుగా తీగెను ముట్టలేదట.

“మా యింట నిదివఱకే యొక వీణ అటకమీద నున్నది. అది నాది. పెండ్లియైన యేడాదికే దాని నటక కెక్కించితిమి. ఇప్పుడు సితారును దానిప్రక్కకు జేరునేమో యని నాకు భయముగా నున్నది. ఏమి చేయవలయునో చెప్పుడు” అని యా తల్లి జాబు ముగించినది.

ఈ ప్రశ్నకు అవుననియో, కాదనియో యొక్కమాటతో జవాబు వ్రాసి పంపుట సులభమే. కాని, సంగతి పూర్తిగా వినక తీర్పు చెప్పువారి మాట నెవరు మన్నింతురు? కావున సితారు మన దేశమున నెట్లు పుట్టెనో, సముద్రము దాటి యేమి చేసెనో, అచ్చట నే మర్యాదను, నే యవమానమును బొందెనో మాకు దెలిసినంతవఱకు ముందు చెప్పి, పిమ్మట ఆ సోదరికి జవాబు చెప్పెదము. తక్కిన సోదరీమణులును వినదగిన కథయే యిది.

సితారు అను పేరే పారశీకము. ‘సే’ యనగా మూడు. ‘తార్’ అనగా తీగె. దీనిని 13వ శతాబ్దమున నున్న అమీర్ ఖుస్రో కవి కల్పించెనని లోకమున నొక వాడుక గలదు. కాని, చరిత్రకారులు శోధించి చూడగా, ఈ వాద్యము 18వ శతాబ్దమున ఢిల్లీలో రూపు దిద్దుకొన్నదనియు, ఆ కాలపు ఖుస్రో ఖాన్ అను వేఱొక విద్వాంసుని పేరు దీనితో ముడివడి యున్నదనియు దేలినది. పేరులు కలియుటచే నపోహ పుట్టినది. ఏమైనను, సితారు పుట్టుకయే రెండు సంప్రదాయముల కలయిక. పారశీకపు తంబూరు వంటి వాద్యము మన దేశపు వీణల యొడిలో బెరిగి, మన రాగములను బలుకనేర్చి, మనదైనది. సితారు మిశ్రమమునకు దూరముగా నుండవలెనను వా రీ మొదటిమాటను మఱువరాదు.

మూడు తీగెలతో బయలుదేరిన యా వాద్యమునకు నేడు ముఖ్యమైన తీగెలే యాఱో యేడో యుండును. వాని యడుగున పదునొకండు మొదలు పదుమూడు వఱకు తరఫు తీగెలుండును. వీనిని సాధారణముగా మీటరు. పైతీగెపై నొక స్వరము పలికినప్పుడు, ఆ స్వరమునకు శ్రుతిచేసిన క్రింది తీగె తనంతట తానే మ్రోగును. ఒకరి దుఃఖమును జూచి వేఱొకరి కన్ను చెమర్చినట్లన్నమాట. మన వీణకు ఇరువదినాలుగు మెట్లు మైనములో గుదురుకొని కదలక యుండును. సితారు మెట్లో, వంపు దిరిగి, దారముతో దండికి గట్టబడి యుండును. కావున రాగము ననుసరించి వానిని పైకిని క్రిందికిని జరుపవచ్చును. చూపుడువ్రేలికి మిజ్రాబు అను ఇనుపతీగె ఉంగరమును దొడిగి మీటుదురు. ఒక్క మెట్టుపైననే తీగెను ప్రక్కకు లాగి నాలుగైదు స్వరములను బలికింతురు. దానికి మీండు అని పేరు. సితారు ప్రాణమంతయు నా లాగుటలోనే యున్నది.

ఈ వాద్యమును లోకమునకెల్ల దెలియజేసిన రవిశంకర్ 1920లో కాశిలో బుట్టెను. పదియేండ్ల ప్రాయమున, 1930లో, అన్నగారైన ఉదయశంకర్ నాట్యబృందముతో పారిస్ నగరమునకు బోయి నర్తకుడయ్యెను. పడమటి దేశముల వేషభాషలు, వారి సంగీతము, వారి నాటకశాలలు ఆ బాలునకు బాల్యముననే పరిచితములు. ఆ బృందముతో గొంతకాలము తిరిగిన అల్లావుద్దీన్ ఖాన్ అను ఉస్తాదు, ఈ పిల్లవానిలోని సంగీతమును గుర్తించి, “అన్నియు విడిచి వత్తువేని నేర్పెద” నన్న భావమున మందలించెనట. 1938లో రవిశంకర్ నాట్యమును, పట్టుదుస్తులను, ప్రయాణములను విడిచి, నేటి మధ్యప్రదేశములోని మైహరు అను చిన్న సంస్థానమునకు బోయి గురువు పాదములకడ గూర్చుండెను. 1944 వఱకు అచ్చట సాధన చేసెను.

ఇచ్చట నొక్క సంగతి గమనింపుడు. ఆ గురువు మహా కఠినుడు. సంప్రదాయమునందు రవంత సడలింపును సహింపనివాడు. అట్టివాడే స్వయముగా వయొలిన్ మొదలగు పడమటి వాద్యములను నేర్చెను. అంటువ్యాధివలన తల్లిదండ్రులను గోల్పోయిన బిడ్డలను జేరదీసి, వారిచేత మన వాద్యములను, పడమటి వాద్యములను గలిపి వాయింపజేసి, మైహరు బ్యాండు అను మేళమును నెలకొల్పెను. తుపాకి గొట్టములను గోయించి నలతరంగము అను వాద్యమును సిద్ధము చేయించెను. ప్రాణములు దీయు గొట్టములచే రాగము పలికించిన యా ముసలి గురువును సంప్రదాయద్రోహి యని యెవ్వరైన ననగలరా? ఇల్లు గట్టిగా నున్నవాడు తలుపులు తెఱచి నిదురింపవచ్చును.

1949 మొదలు 1956 వఱకు రవిశంకర్ ఢిల్లీ ఆకాశవాణిలో సంగీత దర్శకుడుగా నుండెను. 1952లో యెహూది మెనూహిన్ అను జగత్ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు మన దేశమునకు వచ్చి యాయన సితారు విని ముగ్ధుడయ్యెను. 1955లో మెనూహిన్ న్యూయార్కునకు రవిశంకరును బిలువగా, ఆయన పోలేక తన గురుపుత్రుడైన అలీ అక్బర్ ఖానును, సరోదు విద్వాంసుని, బంపించెను. మఱుసటి యేడు తానే కొలువు విడిచి పడమటి దేశములకు బయలుదేరెను. మెనూహిన్, రవిశంకర్ ఇరువురును గలిసి 1966లో ఇంగ్లండునందలి బాత్ ఉత్సవమున వాయించిరి. 1967లో వారి గ్రామఫోను రికార్డు ‘వెస్ట్ మీట్స్ ఈస్ట్’ వెలువడి గ్రామీ బహుమానమును బడసెను. అంతటి మెనూహిన్ పసిపిల్లవానివలె మన రాగముల యారోహణావరోహణములను నేర్చి, వ్రాసికొన్న స్వరములను ముందుంచుకొని, రవిశంకరు ప్రక్కన నేలపై గూర్చుండి వాయించెను. పెద్దవారు కలిసినప్పుడు కలయిక యట్లుండును: ఇరువురును శిష్యులగుదురు.

ఇక రెండవ కలయిక వేఱువిధము. 1965లో ఇంగ్లండు దేశపు బీటిల్స్ అను యువకుల బృందములో జార్జి హారిసన్ అను నాతడు ‘నార్వీజియన్ వుడ్’ అను పాటలో సితారును వాయించెను. అప్పటికి ఆతనికి సితారు పట్టుకొను విధమైనను సరిగా దెలియదు. అయినను ఆ ధ్వని విని యూరప్, అమెరికా దేశముల యువజను లుఱ్ఱూతలూగిరి. సితారు ఫ్యాషనైపోయెను. 1966లో హారిసన్ లండనున రవిశంకరును గలిసికొని, ఆ యేడే మన దేశమునకు వచ్చి శిష్యుడయ్యెను. కొన్నేండ్లు కష్టించిన పిదప, ఇది బాల్యమునుండి జీవితమంతయు ధారపోసిన గాని రాని విద్య యని గ్రహించి, సితారును వినయముతో బ్రక్కనుంచి తన గిటారునకు మరలెను. కాని గురుభక్తిని విడువలేదు. 1997లో రవిశంకర్ మన మంత్రములకు, శ్లోకములకు స్వరము గూర్చిన ‘చాంట్స్ ఆఫ్ ఇండియా’ యను రికార్డును తానే దగ్గఱుండి సిద్ధము చేయించెను. తన హద్దు తా నెఱిగి, నేర్పినవానిని జీవితాంతము గౌరవించిన శిష్యునిగా ఆ యువకుని మేము మెచ్చుకొందుము.

అయితే ఆ కాలమున జరిగినదంతయు మంచి యని చెప్పజాలము. 1967లో మాంటరే యను చోటను, 1969లో వుడ్‌స్టాక్ అను చోటను జరిగిన మహోత్సవములలో రవిశంకర్ వాయించెను. శ్రోతలలో ననేకులు మత్తుపదార్థములు సేవించి వచ్చినవారు. మాంటరేలో నొక గిటారు విద్వాంసుడు వేదికమీదనే తన వాద్యమునకు నిప్పంటించెను. వాద్యమును గన్నుల కద్దుకొని గాని తాకని సంప్రదాయమున బెరిగిన రవిశంకరునకు అది యెట్లుండెనో మన మూహింపవచ్చును. ఆయన దానిని జూచి బాధపడితినని చెప్పెను. సంగీతమును మత్తుతో ముడివేయవలదని సభలలో బతిమాలెను. వుడ్‌స్టాక్‌లో వర్షము గురియుచుండగా, బురదలో నున్న జనసముద్రము నెదుట వాయించి వచ్చినపిమ్మట, అట్టి సభలకు దూరమగుటకే నిశ్చయించుకొనెను. ఇంట నుండవలసిన మనవస్తువు పొరుగువారి సంతలో బొమ్మయైనప్పుడు గలుగు దుఃఖమది. మన గుంటూరు సోదరి యత్తగారి భయము కేవలము మూఢభయము కాదని ఇందువలన దెలియును.

కాని, అదే కలయిక యొకనాడు ప్రాణములను గాపాడుటకును బనికివచ్చెను. 1971లో తూర్పు బెంగాలునుండి లక్షలకొలది కాందిశీకులు మన దేశమునకు వచ్చి పడరాని పాట్లు పడుచుండ, రవిశంకర్ తన దుఃఖమును హారిసనునకు జెప్పుకొనెను. వెంటనే ఆ యేడు ఆగస్టు 1వ తేదీన న్యూయార్కున నిరువురును గలిసి సహాయార్థము సభల నేర్పాటు చేసిరి. ఒక్కనాడే రెండు సభలు. శ్రోతలు సుమారు 40,000 మంది. టిక్కెట్లవలన వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు ఐక్యరాజ్యసమితి బాలల నిధికి జేరినవి. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్, తబలాపై అల్లారఖా మొదట గూర్చుండి తీగెలు శ్రుతిచేసికొనుచుండగా, అదియే కచ్చేరి యనుకొని జనులు చప్పట్లు చఱచిరి. శ్రుతిచేయుటయే యింత నచ్చినచో, వాయించుట ఇంకను నచ్చునని తలచెదనని రవిశంకర్ నవ్వుచు బలికెను. ఆ జనుల యజ్ఞానమునకు మనము నవ్వవచ్చును. కాని, తెలియని సంగీతమునైనను విని, తెలియని బిడ్డలకై చేయి సాచిన యా సహృదయతకు మనము నమస్కరింపవలయును.

ఇప్పు డొక చిక్కు సంగతి చెప్పెదము. మన సంగీతమును పడమటి సంగీతమును గలుపుట యేల కష్టము? ఇంట వంట చేయువారికి ఈ సంగతి సులభముగా బోధపడును. పాలు మంచివి, చింతపులుసును మంచిదే. రెంటిని గలిపిన రెండును చెడును. పాలలో పంచదార కలిపిన రెండును రాణించును. ఏది దేనితో గలియునో యెఱుగుటయే పాకశాస్త్రము.

మన రాగమున స్వరములు ఒకదాని వెంట నొకటి నడచును. షడ్జము తంబురాపై నిలచి మ్రోగుచుండగా, ఆ దీపమునెదుట తక్కిన స్వరము లాడును. పడమటి సంగీతమున మూడు నాలుగు స్వరములు ఒక్కసారిగా బలుకుచుండును. అట్టి స్వరసంఘములను మాటిమాటికి మార్చుచుందురు. ఆ మార్పులతో మన షడ్జమునకు పీఠము కదలును. పీఠము కదలిన రాగము రాగముగా నిలువజాలదు. మఱియు పియానో, కీబోర్డు వంటి వాద్యములలో ఒక స్థాయిని పండ్రెండు సమభాగములు చేసి స్వరములను బిగించెదరు. వానిని జరుపుటకు వీలులేదు. ఒక్కొక్క భాగమును నూరుపాళ్లుగా లెక్కించినచో, తంబురా నాదమున సహజముగా వినవచ్చు అంతరగాంధారమున కంటె పియానో గాంధారము సుమారు 14 పాళ్లు హెచ్చు. చెవి గలవారికి ఆ తేడా పంటిక్రింద రాయివలె దోచును. తీగెను లాగి పలికించు మీండునకును, లాగుటకు వీలులేని మెట్లపలకకును జత కుదుర్చుట మఱియొక కష్టము.

ఈ కష్టములన్నియు నెఱిగియే రవిశంకర్ 1971లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో సితారు కచేర్టో యను కృతిని వాయించెను. మేళమును నడపినవాడు ఆంద్రే ప్రెవిన్. ఆ కృతి నాలుగు భాగములు; ఖమాజ్, సింధుభైరవి, అడాణా, మాంజ్‌ఖమాజ్ రాగములపై నొక్కొక్కటి నిర్మించెను. స్వరసంఘములను మితముగా వాడి, మేళమంతయు రాగమునకే సేవ చేయునట్లు చేసెను. రాగము తెలిసినవారు కొందరు ఇది మనది కాదనిరి. పడమటి సంగీతజ్ఞులు కొందరు ఇది మాది కాదనిరి. రెండుప్రక్కల నిందలు పడుట కలుపువాని నుదుటి వ్రాతయే. అయినను ఆయన వెనుదీయలేదు. 1981లో రెండవ కచేర్టో, 1990లో ఫిలిప్ గ్లాస్ అను అమెరికా సంగీతకర్తతో గలిసి ‘పాసేజెస్’, తొంబదియేండ్ల ప్రాయమున 2010లో సింఫనీ వెలువరించెను. 1999లో భారతరత్న బిరుదు నందెను. 2012 డిసెంబరులో కన్నుమూయుటకు కొన్ని వారముల ముందు వఱకును సభలో సితారు వాయించుచునే యుండెను.

ఇతరుల కిచ్చుటయే కాదు, పుచ్చుకొనుటలోను మనము వెనుదీయలేదు. నేడు వయొలిన్ లేని కర్ణాటక సంగీత సభ గలదా? ఆ వాద్యము సీమనుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు 19వ శతాబ్దారంభమున దానిని మన సంగీతమునకు దెచ్చిన వారిలో మొదటివాడు. ముత్తుస్వామి దీక్షితులవారు దొరల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యము గూర్చి నోట్టుస్వరములను వ్రాసిరి. దొరల వయొలినును విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు చేపట్టి, అది తెలుగువారి సొత్తే యనిపించిరి. మన పాలకొల్లులో 1969లో బుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, సీమనుండి వచ్చిన మాండొలినుపై త్యాగరాజస్వామి కృతులను బలికించి, తొమ్మిదియేండ్ల ప్రాయముననే గుడివాడలో గచ్చేరి చేసి, పిమ్మట జాన్ మెక్లాలిన్, జాకీర్ హుస్సేను వంటివారితో గలిసి దేశదేశముల వాయించెను. 2014లో నలువదియైదేండ్లకే యాతడు మరణించుట మన దురదృష్టము. రాగములును ప్రయాణించినవి. మన కీరవాణి, చారుకేశి, సింహేంద్రమధ్యమము, వాచస్పతి రాగములను ఉత్తరాదివారి వేదికలపై బ్రచారము చేసిన వారిలో రవిశంకర్ ముఖ్యుడు. ఉత్తరమునకు దక్షిణము, తూర్పునకు పడమర, అన్నియు నొక విధముగ నప్పులిచ్చిపుచ్చుకొను నిరుగుపొరుగులే.

సోదరీమణులారా, ఇంతవఱకు పురుషుల కథ చెప్పితిమి. అటకమీది వీణ మాట యింకను చెప్పలేదు.

మైహరు ఉస్తాదునకు 1927లో నొక కుమార్తె కలిగెను. ఆమెయే అన్నపూర్ణాదేవి. పెద్దకుమార్తెకు సంగీతము నేర్పగా అత్తవారు ఆమె తంబురాను తగులబెట్టిరనియు, ఆ దుఃఖమున తండ్రి ఈ చిన్నకుమార్తెకు నేర్పరాదని యొట్టు బెట్టుకొనెననియు జెప్పుదురు. కాని, ఒకనాడు అన్న తప్పు వాయించుచుండగా ఈ చిన్నది పాడి దిద్దుచుండుట తండ్రి విని, మనసు మార్చుకొని విద్యనంతయు ధారపోసెనట. ఆమె సురబహారు అను పెద్ద సితారును వాయించుటలో నసమానురాలయ్యెను. 1941లో, పదునాలుగవయేట, రవిశంకరుతో వివాహమాయెను. మొదట దంపతులు గలిసి సభలలో వాయించిరి. పిమ్మట ఆమె సభలలో వాయించుట మానుకొనెను. ఆ దాంపత్యమును నిలువలేదు. బొంబాయిలోని తన యింట దలుపులు మూసికొని, రికార్డు లీయక, బహుమానములను గోరక, శిష్యులకు మాత్రము నేర్పుచు జీవితమును గడపెను. వేణువు వాయించు హరిప్రసాద్ చౌరాసియా, సితారు వాయించు నిఖిల్ బెనర్జీ మొదలగు మహావిద్వాంసులు ఆమెకడ నేర్చినవారే. 1977లో పద్మభూషణ బిరుదు వచ్చినది. 2018 అక్టోబరులో ఆమె మరణించెను. భర్త సితారును లోకమంతయు వినెను. ఆమె సురబహారును విన్నవారు అతి స్వల్పము. ఆ మౌనమునకు గారణము లెన్ని చెప్పికొన్నను, నష్టపడినది మనమే.

ఆ తరువాతి తరమున వేఱొక దృశ్యము గాన్పించుచున్నది. రవిశంకరు కుమార్తె అనూష్కా శంకర్ 1981లో లండనున బుట్టి, తండ్రికడ సితారు నేర్చి, పదుమూడవయేట ఢిల్లీలో మొదటి సభ చేసెను. ఏండ్లకొలది శుద్ధసంగీతమునే వాయించి, పిమ్మటనే యితర సంగీతములవైపు జూచెను. 2011లో ‘ట్రావెలర్’ అను రికార్డులో సితారును స్పెయిను దేశపు ఫ్లామెంకో సంగీతముతో గలిపెను. ఇది యేదో దొరికినదానితో గలుపుట గాదు. ఫ్లామెంకోకు బ్రాణము పోసినవారిలో ముఖ్యులు రోమా జనులు. వారి భాషను బరిశీలించినవారు, వారి పూర్వులు సుమారు వేయి యేండ్లక్రిందట మన ఉత్తరదేశమునుండి వలసబోయిన వారని నిర్ణయించిరి. పండ్రెండు మాత్రల వారి తాళావర్తము, హృదయమును జీల్చునట్టి వారి గానము మన చెవికి గ్రొత్తగా దోపకుండుటలో నాశ్చర్యమేమి? ఎప్పుడో తప్పిపోయిన చుట్టమును వెదకి పలుకరించినట్లున్నది. అహమ్మదాబాదునందు రవిశంకరు శిష్యురాలు మంజూ మెహతా మఱియొక మార్గమును ద్రొక్కెను. శుద్ధసితారునే జీవితమంతయు వాయించి, ‘సప్తక్’ సంస్థను స్థాపించిన వారిలో నొకతెయై, 2024లో మరణించువఱకు ఎందరికో నేర్పెను. కలుపుట యొక మార్గము. కలుపకుండుటయు నొక మార్గమే. రెండింటను స్త్రీ తన యిష్టముచే నడచుట ముఖ్యము.

ఇక మా గుంటూరు సోదరికి జవాబు.

అమ్మా, మీ కుమార్తె సితారుపై గప్పిన గుడ్డను ముందు దీయించుడు. ఆమె యెవరితో గలిసి వాయించుననునది రెండవ సంగతి. అసలు వాయించుట మానుట మొదటి యాపద. రెండు మాసములు ముట్టని తీగె తుప్పుపట్టును. వ్రేలి కాయ మెత్తబడును. ఆ పిమ్మట మనస్సును మెత్తబడి “ఇక నెందుకులే” యనును. ఆ మాట మీకు క్రొత్త కాదు గదా?

పిల్లకు మా మాటగా నీ నాలుగు చెప్పుడు. ప్రతిదినము తెల్లవాఱుజామున నొక గంట యొంటరిగా, గురువు చెప్పిన పాఠమునే సాధన చేయవలయును. ఆ గంటను మిత్రులకై వదలరాదు. మిత్రులతో గూర్చున్నప్పుడు షడ్జమును కదలనీయవలదు. కీబోర్డు వాయించువానిని స్వరసంఘములను దగ్గించి యొక్క శ్రుతినే పట్టుమని యడుగవలయును. చెవికి కటువుగా దోచు గాంధారమును సరిపెట్టుకొమ్మని యెవరు చెప్పినను వినరాదు. మిత్రులు తమ సంగీతమును తాము శ్రద్ధగా నేర్చినవారేనా యని చూడవలయును. నేర్చినవాడు నేర్చినవానినే గౌరవించును. మత్తు, త్రాగుడు నున్నచోట వాద్యమును బెట్టె నుండి తీయరాదు. ఈ చివరి మాటను రవిశంకరే చెప్పెను గావున మీ యత్తగారును కాదనజాలరు.

మీ యత్తగారితో వాదింపవలదు. పెద్దవారి భయమున కర్థమున్నదని ముందే వ్రాసితిమి. ఒక సాయంకాలము పిల్లను వారి యెదుట గూర్చుండబెట్టి, వారి కిష్టమైన కీర్తన నొకదానిని సితారుపై వాయింపజేయుడు. మిత్రులనుగూడ నింటికి బిలిచి, కాఫీ యిచ్చి, వారి వాద్యములను వారికి జూపించుడు. తలుపు వెలుపల నున్నవాడు దొంగవలె దోచును. లోనికి వచ్చి కూర్చున్నవాడు మన పిల్లవాడే యగును. మీ భర్తగారికి మాత్రము ఈ మాట చెప్పుడు: చదువు సితారువలన చెడలేదు, సితారు మూలబడినప్పటినుండి చదువు మెఱుగైనదా యని పిల్ల మార్కులను జూచి వారినే తీర్పు చెప్పుమనుడు.

కడపట మీ మాట. అటకపై నున్న మీ వీణను దింపించుడు. మైనము కరగి మెట్లు కదలియుండవచ్చును, తీగెలు తెగియుండవచ్చును. వీణలు బాగుచేయువారి కిచ్చి మరల మేళము గట్టించుడు. వ్రేళ్లు మొద్దుబాఱినవని సిగ్గుపడవలదు. సరళీస్వరములతోనే మొదలిడుడు. ఉత్తరాదివారు సితారుపై మన కీరవాణి రాగమునే వాయింతురని చెప్పితిమి గదా. మీరు వీణపై నది వాయింపుడు, పిల్ల సితారుపై నదియే వాయించును. మీ కుమార్తె మొదట గలిసి వాయింపవలసిన మేళము ఇంటిలోనే యున్నది.

అది జరిగిననాడు మాకొక కార్డు ముక్క వ్రాయుడు. ఇట్లే మఱి యే సోదరి యింటనైనను అటకపై వీణయో, ఫిడేలో, హార్మోనియమో యుండినచో, ఈ మాసమే దుమ్ము దులిపి, ఆ సంగతి మాకు దెలుపగోరుచున్నాము.